కాలేజీ ఫుట్‌బాల్ జట్ల నిర్మాణాన్ని హైదరాబాద్ నుంచి శ్రద్ధగా అనుసరించే పద్ధతి

అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్న పిల్లల వల్లో, డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో స్థిరపడిన బంధువుల వల్లో హైదరాబాద్‌లో చాలా ఇళ్లకు ఇప్పుడు ఒక యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు సొంతమైంది. మియాపూర్‌లోనో నల్లగండ్లలోనో ఒక బాల్కనీలో ఆరేసిన మెరూన్ రంగు టీషర్టును చూసి, అది టెక్సస్ ఏ అండ్ ఎం వారిదని గుర్తుపట్టేవారు ఈ నగరంలో ఉన్నారు. మా అన్నయ్య కూతురు ఆ యూనివర్సిటీ ఉన్న కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లో చదువుకోవడం వల్ల మా ఇంటికి వచ్చిన జట్టు కూడా అదే. అయితే శనివారం జరిగే మ్యాచ్ చూసి ఊరుకునేవారికి ఈ ఆట సగమే దక్కుతుంది. ఆటగాళ్లను ఎక్కడి నుంచి, ఎలా ఒప్పించి తెచ్చుకుంటారు, తెచ్చుకున్నవారిని ఎలా తీర్చిదిద్దుతారు, ఎందుకు పోగొట్టుకుంటారు అన్నది మిగతా సగం. ఆ సగాన్ని ఇక్కడి నుంచి ఎలా అనుసరించాలో తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో ఫుట్‌బాల్ అన్నచోటల్లా అమెరికన్ ఫుట్‌బాల్ అనే అర్థం చేసుకోవాలి.

ముందుగా ఒక విషయం మనసులో నాటుకోవాలి. అమెరికన్ ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డ్రాఫ్ట్ ఉంటుంది, అందులో ఓడిన జట్టుకు ముందుగా ఎంచుకునే అవకాశం దక్కుతుంది. కాలేజీ ఆటలో అలాంటి సర్దుబాటు ఏదీ లేదు. పదిహేడేళ్ల కుర్రవాడు తనకు నచ్చిన చోటికి వెళతాడు కాబట్టి, ప్రతి కోచ్ ఊరూరా తిరిగి, ఇంట్లో కూర్చుని, తల్లిదండ్రులను ఒప్పించి అతన్ని తెచ్చుకోవాలి. పదో తరగతి ఫలితాలు రాగానే మన కార్పొరేట్ జూనియర్ కాలేజీల వారు మంచి మార్కులు వచ్చిన పిల్లల ఇళ్లకు వెళ్లి ఫీజు రాయితీ, హాస్టల్ సీటు ఇస్తామంటూ ఎలా మాట్లాడతారో చూసినవారికి ఈ వ్యవహారం నడిచే తీరు వెంటనే అర్థమవుతుంది. గెలిచే కాలేజీకి మంచి పిల్లలు వస్తారు, మంచి పిల్లలు రావడం వల్ల అది మళ్లీ గెలుస్తుంది. ఈ చక్రంలోకి బయటి నుంచి ఒక జట్టు ఎలా చొరబడుతుందన్నదే ఈ ఆసక్తికి మూలం.

ఒక జట్టు, ఒక జాబితా

అభిమాని చేయవలసిన మొదటి పని, రోజువారీ ప్రకటనల వెంట పడటం మానేసి తన జట్టు ఆటగాళ్ల పూర్తి జాబితాను సొంతంగా తయారుచేసుకోవడం. ఈ ఒక్క పని చేసినవారికి మిగతా వార్తలన్నీ తమంతట తామే చోటు వెతుక్కుంటాయి, చేయనివారికి ప్రతి వార్తా పండగలాగో ప్రళయంలాగో కనిపిస్తుంది. ప్రతి యూనివర్సిటీ తన క్రీడావిభాగం వెబ్‌సైట్‌లో ఆటగాళ్ల పేర్లు, స్థానాలు, ఎత్తు, బరువు, స్వస్థలం ప్రచురిస్తుంది. దాన్ని ఒక ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించి, ఒక్కొక్కరికి ఎదురుగా నాలుగు వివరాలు చేర్చాలి. అతను హైస్కూలు నుంచి నేరుగా వచ్చాడా, వేరే కాలేజీ నుంచి మారి వచ్చాడా, స్కాలర్‌షిప్ లేకుండా వాకాన్‌గా చేరాడా అన్నది మొదటిది. ఇంకా ఎన్నేళ్లు ఆడగలడన్నది రెండోది. గత సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లు మొదటి నుంచి ఆడాడన్నది మూడోది. అతన్ని తీసుకొచ్చిన కోచ్ ఇప్పటికీ అక్కడే ఉన్నాడా అన్నది నాలుగోది. ఈ నాలుగో గడిని చాలామంది పట్టించుకోరు, కానీ ఎవరు వెళ్లిపోతారో ముందుగా చెప్పేది అదే.

ఇప్పుడు అమెరికా కాలేజీ క్రీడలను నియంత్రించే సంస్థ ఎన్‌సీఏఏ ఒప్పుకున్న, కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించే కొత్త పద్ధతిలో చేరిన కాలేజీలకు 2025 నుంచి జట్టులో 105 మంది అన్న పరిమితి ఉంది. అంతకుముందు పరిమితి 85 స్కాలర్‌షిప్‌లకే ఉండేది, వాకాన్‌ల సంఖ్య దానికి అదనం. సాధారణంగా ఒక ఆటగాడికి అయిదేళ్ల వ్యవధిలో నాలుగు సీజన్లు ఆడే అవకాశం ఉంటుంది. 2018లో వచ్చిన నియమం ప్రకారం ఒక సీజన్‌లో నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా ఆ ఏడాదిని రెడ్‌షర్ట్‌గా లెక్కగట్టి ఒక సీజన్ మిగుల్చుకోవచ్చు. నవంబర్‌లో ఒక కొత్త కుర్రవాణ్ని ఉన్నట్టుండి రెండు మ్యాచ్‌లలో దింపారంటే కోచ్ అతని లెక్క నాలుగు దాటకుండా చూసుకుంటూ పరీక్షిస్తున్నాడని అర్థం. అలాంటి చిన్న విషయాన్ని షీట్‌లో రాసుకున్న అభిమాని తరువాతి ఆగస్టులో ఆ పేరు వినబడినప్పుడు ఆశ్చర్యపోడు.

ఒక వరుసను దగ్గరగా చూద్దాం. బంతి చేతిలో ఉన్న జట్టు ముందు వరుసైన అఫెన్సివ్ లైన్‌లో ఒకేసారి అయిదుగురు ఆడతారు, మధ్యలో సెంటర్, అతనికి ఇరువైపులా గార్డులు, అంచుల్లో టాకిళ్లు. మీ షీట్‌లో ఈ అయిదుగురిలో ముగ్గురికి ఇదే ఆఖరి ఏడాది అని, వారి వెనుక ఉన్న రెండో ఏడాది కుర్రవాళ్లలో ఎవరూ ఇంతవరకు ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి ఆడలేదని ఉందనుకోండి. అప్పుడు జూన్‌లో అయిదు స్టార్ల (అత్యున్నత రేటింగ్ ఉన్న) వైడ్ రిసీవర్, అంటే విసిరిన బంతిని అందుకునేవాడు, ఒకడు మీ కాలేజీకి మాట ఇచ్చాడన్న వార్త సంతోషకరమే కాని, అది మీ జట్టు అవసరాన్ని తీర్చదు. జనవరిలో వేరే కాలేజీ నుంచి ఇద్దరు అనుభవజ్ఞులైన టాకిళ్లను తెచ్చుకోగలరా లేదా అన్నదే ఆ ఏడాది అసలు ప్రశ్న. హైస్కూలు నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల లైన్‌మన్ శరీరం, ఎదుటి జట్టు రక్షణ వరుస అంచున ఆడే ఇరవై రెండేళ్ల డిఫెన్సివ్ ఎండ్‌ను ఆపగలిగే స్థాయికి రావడానికి సాధారణంగా రెండు మూడేళ్లు పడుతుంది. వేగమే పెట్టుబడిగా ఉన్న రిసీవర్, అతన్ని అడ్డుకునే కార్నర్‌బ్యాక్‌లు మొదటి ఏడాదే ఆడగలరు. అందుకే నేను ఏ జట్టునైనా ముందు అఫెన్సివ్, డిఫెన్సివ్ లైన్లు రెండింటి వైపు నుంచి చదవమని చెబుతాను. అక్కడ వరుసగా నాలుగేళ్లపాటు పిల్లలను తెచ్చుకుని నిలబెట్టుకున్న జట్టు పడిపోవడం అరుదు.

ఏడాది పొడవునా ఏం జరుగుతుంది

కోచ్‌లు ఒక ఆటగాడికి పదకొండో తరగతి మొదలయ్యే ఏడాది సెప్టెంబర్ 1 నుంచి నేరుగా మెసేజ్‌లు పంపవచ్చు. రాతపూర్వకమైన ఆఫర్ మాత్రం పన్నెండో తరగతి ఏడాది ఆగస్టు 1కి ముందు ఇవ్వకూడదు. అంతకుముందు తొమ్మిదో తరగతి పిల్లవాడు ‘ఆఫర్ వచ్చింది’ అని సోషల్ మీడియాలో పెట్టేవన్నీ నోటిమాటలే. ఆ నోటిమాటల్లో కూడా రెండు రకాలు ఉన్నాయని గ్రహించాలి. పిల్లవాడు ఇవాళే వస్తానంటే కోచ్ కాదనని ఆఫర్ ఒకటి, అతని మీద కన్నేసి ఉంచడానికి ఇచ్చే ఆఫర్ ఇంకొకటి. పెద్ద కాలేజీలు ఒక్కో ఏడాది చేర్చుకునేవారికంటే ఎన్నో రెట్లు ఎక్కువమందికి ఆఫర్లు ఇస్తాయి కాబట్టి, ఆఫర్ల సంఖ్య చూసి మురిసిపోవలసిన పనిలేదు.

మార్చి, ఏప్రిల్‌లలో వసంతకాలపు ప్రాక్టీసు జరుగుతుంది, అప్పుడు కుర్రవాళ్లు సొంత ఖర్చులతో కాలేజీలకు వచ్చి చూసి వెళతారు. ప్రయాణం, బస, భోజనం ఖర్చులు కాలేజీయే భరించే అధికారిక సందర్శనలు జూన్‌లో ముమ్మరంగా సాగుతాయి. 2023 నుంచి ఇలాంటి సందర్శనల మొత్తం సంఖ్యకు పరిమితి లేదు, ఒక కాలేజీకి ఒక్కసారే అన్న షరతు మాత్రం ఉంది. మన దగ్గర బడులు తెరిచి వర్షాలు మొదలయ్యే ఆ నెలే అక్కడ ఈ వ్యవహారానికి అతి వేడి నెల. ఎవరు ఏ వారాంతంలో ఏ కాలేజీకి వెళ్లారో తేదీలతో రాసుకుంటే, అందులో చివరగా వెళ్లిన కాలేజీకి ఎంత మొగ్గు ఉంటుందో కొద్దికాలంలోనే మీకే తెలుస్తుంది.

ఆగస్టు చివర సీజన్ మొదలవుతుంది. డిసెంబర్ మొదటి బుధవారం హైస్కూలు ఆటగాళ్లు తాము చేరబోయే కాలేజీతో ఒప్పందం చేసుకునే సంతకాల రోజు. ఈ ముందస్తు సంతకాల పద్ధతి 2017 డిసెంబర్‌లో మొదలైంది, 2024 నుంచి నెల మధ్య నుంచి మొదటి వారానికి జరిగింది. అంతకుముందు ఫిబ్రవరి మొదటి బుధవారమే పెద్ద పండగ, ఇప్పుడు ఆ రోజుకు మిగిలేవారు చాలా తక్కువ. తూర్పు తీరంలో ఉదయం 7 గంటలు అంటే డిసెంబర్‌లో హైదరాబాద్‌లో సాయంత్రం 5:30. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేవేళకే పేర్లు వరుసగా రావడం మొదలవుతుంది కాబట్టి, ఏడాది మొత్తంలో మనకు నిద్ర చెడని ముఖ్యమైన ఘట్టం ఇదొక్కటే.

ఆ తరువాత జనవరి 2 నుంచి 16 వరకు పోర్టల్ కిటికీ, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే గడువు. దాని గురించి కింద విడిగా చెప్పాలి.

స్టార్లను చదవడం

247స్పోర్ట్స్, ఈఎస్‌పీఎన్, 2025లో ఆన్3 చేతికి వచ్చిన రైవల్స్ వంటి సంస్థలు హైస్కూలు ఆటగాళ్లకు రెండు నుంచి అయిదు వరకు స్టార్లు ఇస్తాయి. 247స్పోర్ట్స్ వారు ఏటా దాదాపు 32 మందికే అయిదు స్టార్లు ఇస్తారు, ఎందుకంటే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో 32 ఎంపికలుంటాయి, అంటే ఆ కుర్రవాడు నాలుగేళ్ల తరువాత ఆ రౌండ్‌లో వెళ్లగలడని వారి అంచనా. అన్ని సంస్థల రేటింగులను కలిపి లెక్కగట్టే కాంపోజిట్ రేటింగ్‌ను చూడటం మేలు, ఒక్కరి పక్షపాతం అందులో పలచబడుతుంది.

స్టార్లు తప్పుడు లెక్కలని కొట్టిపారేసేవారి మాట వినవద్దు. ఒక ఆటగాడి విషయంలో అవి తప్పవచ్చు, వంద మంది విషయంలో అంతగా తప్పవు. నాలుగేళ్ల వ్యవధిలో హైస్కూలు నుంచి తీసుకున్నవారిలో సగానికి మించి నాలుగు, అయిదు స్టార్లవారు ఉన్న జట్లే జాతీయ ఛాంపియన్లు అవుతున్నాయని రచయిత బడ్ ఎలియట్ గమనించి, దాన్ని బ్లూ చిప్ నిష్పత్తి అన్నారు. అలబామా, జార్జియా, ఒహాయో స్టేట్ ఏళ్ల తరబడి ఆ గీతకు పైనే ఉంటూ వచ్చాయి. మరోవైపు జార్జియాకు 2021, 2022లో వరుసగా టైటిల్ గెలిపించిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడిని నడిపే ఆటగాడు) స్టెట్సన్ బెనెట్ స్కాలర్‌షిప్ లేకుండా వాకాన్‌గా చేరి, మధ్యలో మిసిసిపీలోని ఒక జూనియర్ కాలేజీకి వెళ్లి తిరిగి వచ్చినవాడు. 2017లో ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన బేకర్ మేఫీల్డ్ రెండు యూనివర్సిటీల్లో వాకాన్‌గానే మొదలుపెట్టాడు. ఈ రెండు సత్యాలూ ఒకదాన్నొకటి కాదనవు, ఎందుకంటే బెనెట్ చుట్టూ ఉన్న మిగతావారిలో అయిదు స్టార్లవారు కిక్కిరిసి ఉన్నారు.

స్టార్లను మాత్రమే నమ్ముకుంటే ఏమవుతుందో మా జట్టే చూపింది. 2022లో టెక్సస్ ఏ అండ్ ఎం చేర్చుకున్న బృందానికి 247స్పోర్ట్స్ లెక్కల్లో అప్పటివరకు ఏ కాలేజీకీ రానంత రేటింగ్ వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో వారు సొంత మైదానంలో అపలాచియన్ స్టేట్ చేతిలో 17-14 తేడాతో ఓడి, సీజన్‌ను 5 విజయాలు, 7 ఓటములతో ముగించారు. ఆ బృందంలో చాలామంది రెండేళ్లు తిరిగేసరికి వేరే కాలేజీల్లో ఉన్నారు. కోచ్ జింబో ఫిషర్‌ను 2023 నవంబర్‌లో తొలగించినప్పుడు యూనివర్సిటీ ఆయనకు చెల్లించవలసి వచ్చిన మొత్తం 75 మిలియన్ డాలర్లకు పైమాటే. ఆయన స్థానంలో వచ్చిన మైక్ ఎల్కో లైన్లను, క్రమశిక్షణను ముందు సరిచేసి, కావలసిన రిసీవర్లను పోర్టల్ నుంచి తెచ్చుకుని, 2025లో వరుసగా 11 మ్యాచ్‌లు గెలిచి జట్టును ప్లేఆఫ్‌కు చేర్చాడు. పేరుప్రఖ్యాతులున్న పిల్లలను కూడగట్టడం వేరు, వారితో ఒక జట్టును నిర్మించడం వేరు అని తెలుసుకోవడానికి ఈ రెండు సీజన్ల జాబితాలను పక్కపక్కన పెట్టుకుని చూడటం కంటే మంచి పాఠం నాకు కనబడలేదు.

వీడియో చూసే పద్ధతి

ప్రతి హైస్కూలు ఆటగాడికీ హడల్ వేదికలో వీడియోలు ఉంటాయి. ఆ హైలైట్లను కూర్చుకునేది ఆటగాడే కాబట్టి అందులో తప్పులు కనిపించవు, అయినా చూడవలసినవి ఉన్నాయి. లైన్‌మన్ అయితే బంతి కదిలిన క్షణంలో అతని పాదాలను చూడండి, భుజాలను కాదు. మొదటి రెండు అడుగులు పొట్టిగా, వేగంగా, మోకాలు వంగి పడుతున్నాయా, లేక నడుము దగ్గర వంగి ముందుకు వాలిపోతున్నాడా అన్నది గమనించాలి. ఎదుటివాడు తనకంటే 30 కిలోలు తక్కువున్నప్పుడు నేల మీద పడగొట్టడం పెద్ద గొప్ప కాదు, కాబట్టి ఎదుటి జట్టు స్థాయి ఏమిటో చూసుకోవాలి. రన్నింగ్ బ్యాక్ చాలా వేగవంతుడని చెబితే అతని 100 మీటర్ల పరుగు సమయం వెతకండి. వసంతంలో జరిగే ట్రాక్ పోటీల ఫలితాలు బహిరంగంగానే ఉంటాయి, గడియారం ఎవరికీ అభిమాని కాదు. కుస్తీ, బాస్కెట్‌బాల్ కూడా ఆడే కుర్రవాళ్ల మీద నాకు ప్రత్యేకమైన నమ్మకం ఉంది. శరీరాన్ని తిప్పే తీరు అక్కడ బయటపడుతుంది.

డాలస్ పరిసరాల్లోని ఫ్రిస్కో, అలెన్, ప్లేనో వంటి ఊళ్లలో మనవాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు, దేశంలోని గట్టి హైస్కూలు జట్లలో కొన్ని ఆ ప్రాంతంలోనే ఉన్నాయి. అలెన్ హైస్కూలు ఆడే ఈగిల్ స్టేడియం 2012లో దాదాపు 60 మిలియన్ డాలర్ల ఖర్చుతో, 18,000 మంది కూర్చునేలా కట్టినది. అక్కడ వరుసగా మూడు రాష్ట్ర టైటిళ్లు గెలిచిన కైలర్ మర్రే ముందు టెక్సస్ ఏ అండ్ ఎంలో చేరి, తరువాత ఓక్లహోమాకు మారి, 2018లో హైస్మన్ గెలిచాడు. బంధువులు ఆ ప్రాంతంలో ఉంటే శుక్రవారం రాత్రి మ్యాచ్‌కు ఒకసారి వెళ్లి, మీరు గమనిస్తున్న కుర్రవాడు ఓడిపోతున్నప్పుడు బెంచీ దగ్గర ఎలా ఉన్నాడో చూసి చెప్పమని అడగండి. ఏ రేటింగ్ సంస్థా ఇవ్వలేని సమాచారం అది.

మాట ఇవ్వడం, మాట మార్చుకోవడం

ఆటగాడు కమిట్ అయ్యానని ప్రకటించడం వల్ల ఎవరికీ చట్టపరమైన బాధ్యత ఏర్పడదు, సంతకం అయ్యేవరకు ఇరువైపులా దారి తెరిచే ఉంటుంది. 2021 డిసెంబర్‌లో దేశంలోని అగ్రశ్రేణి కుర్రవాళ్లలో ఒకడైన ట్రావిస్ హంటర్ ఏడాదికి పైగా ఫ్లోరిడా స్టేట్‌కు మాట ఇచ్చి ఉండి, సంతకాల రోజున జాక్సన్ స్టేట్‌కు వెళ్లాడు. కోచ్ డియాన్ శాండర్స్ వెంట కొలరాడోకు మారి 2024లో హైస్మన్ గెలిచాడు. 2024 నవంబర్‌లో, 2025లో చేరబోయే బృందంలో మొదటి స్థానంలో ఉన్న క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ అండర్‌వుడ్ ఎల్‌ఎస్‌యూను (లూసియానా స్టేట్ యూనివర్సిటీని) వదిలి తన సొంత రాష్ట్రమైన మిషిగన్‌కు వచ్చాడు. ఈ రెంటినీ పోల్చి చూస్తే మాట మారడానికి సాధారణంగా పనిచేసే మూడు కారణాలూ కనిపిస్తాయి, అవి ఒక కోచ్‌తో ఉన్న దగ్గరితనం, ఇంటికి దగ్గర కావడం, డబ్బు. మాట ఇచ్చిన తరువాత కూడా ఇతర కాలేజీలను సందర్శిస్తున్నవాణ్ని మీ షీట్‌లో పెన్సిల్ రాతలా వేరే రంగులో ఉంచండి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఆ నిర్ణయం తీసుకునేది ఓటు హక్కు కూడా లేని వయసువాడు. మాట మార్చుకున్నందుకు అతని ఖాతాకు వెళ్లి తిట్టడం అభిమానం కాదు. రమ్మని బతిమాలడం కూడా చేయకూడదు, ఎందుకంటే కాలేజీ తరఫున దాతలు, మద్దతుదారులు ఆటగాళ్లను ఆకర్షించే ప్రయత్నాల్లో నేరుగా పాల్గొనడం మీద ఎన్‌సీఏఏ నియమాలున్నాయి, ఇబ్బంది పడేది చివరకు మీ కాలేజీయే.

పోర్టల్, డబ్బు

2018 అక్టోబర్‌లో మొదలైన ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్న ఆటగాడితో ఇతర కాలేజీలు మాట్లాడవచ్చు. మొదట్లో మారినవారు ఒక ఏడాది ఆడకుండా కూర్చోవలసి వచ్చేది. 2021లో ఒకసారికి ఆ షరతు తీసేశారు, 2024లో చదువు సక్రమంగా సాగుతున్నవారు ఎన్నిసార్లయినా మారవచ్చన్నారు. వసంతంలో ఉండే రెండో గడువును ఎత్తివేసి, 2026 నుంచి జనవరిలో పదిహేను రోజుల ఒకే గడువుగా మార్చారు. కోచ్ మారిన జట్టుకు, కొత్త కోచ్ వచ్చిన తరువాత మరో పదిహేను రోజులు విడిగా ఉంటాయి. ఆ రెండు వారాల్లో పోర్టల్ నుంచి ఎవరు వచ్చారన్నది అందరూ చూస్తారు. మీరు ముందు ఎవరు వెళ్లారో చూడండి, అందులోనూ ఎక్కువ మ్యాచ్‌లు ఆడినవారు ఎందరో చూడండి. బెంచీ మీద ఉన్నవారు పదిమంది వెళ్లడం సహజమైన కదలిక, మొదటి వరుసలో ఆడిన రెండో ఏడాది లైన్‌మన్ ఒక్కడు వెళ్లడం ప్రమాద సూచన.

డబ్బు విషయం క్లుప్తంగా తెలుసుకుంటే చాలు. 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం వాడుకున్నందుకు బయటివారి నుంచి డబ్బు తీసుకోవచ్చు. 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన ‘హౌస్’ కేసు ఒప్పందం వల్ల, ఆ జులై నుంచి కాలేజీలే నేరుగా చెల్లిస్తున్నాయి. 2025-26కు ఒక్కో కాలేజీ అన్ని ఆటలకూ కలిపి చెల్లించగల గరిష్ఠ మొత్తం దాదాపు 20.5 మిలియన్ డాలర్లు, అందులో పెద్ద వాటా ఫుట్‌బాల్‌కే వెళుతుంది. 600 డాలర్లకు మించిన బయటి ఒప్పందాలను పరిశీలనకు పంపాలి. వార్తల్లో ఫలానా క్వార్టర్‌బ్యాక్‌కు ఇన్ని మిలియన్లు అని వచ్చే అంకెలను మాత్రం షీట్‌లో ఎక్కించవద్దు, ఒప్పందాలు బహిరంగపరచరు, ఆ అంకెను బయటపెట్టేది తరచుగా బేరం ఆడుతున్నవారే. అంకెలకంటే కాలేజీ తన వ్యవస్థను ఎలా మార్చుకుందో చూడటం లాభం. స్టాన్‌ఫర్డ్ 2024లో తన పాత క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్‌ను ఫుట్‌బాల్ జనరల్ మేనేజర్‌గా నియమించింది. ఎవరిని తీసుకోవాలి, ఎంత ఇవ్వాలి అన్న పని కోచ్ ఒక్కడి చేతిలో ఉండే కాలం పోతోందనడానికి అదే నిదర్శనం.

నిర్మాణం అంటే ఏమిటి

ఈ నగరానికి జట్టు నిర్మాణం కొత్త విషయం కాదు. సాకర్‌లో ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టాక ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఒక జట్టు ఏళ్ల తరబడి ఒకే ఆలోచనతో నడిస్తే ఏమవుతుందో తెలిసిన ఊరు ఇది.

అమెరికాలో దానికి గొప్ప ఉదాహరణ నిక్ సేబన్ కాలపు అలబామా. 2007లో మొదటి సీజన్ 7-6, అంటే 7 విజయాలు, 6 ఓటములు. 2008లో హూలియో జోన్స్, మార్క్ ఇంగ్రమ్, డోంటా హైటవర్, మార్సెల్ డారియస్ వంటివారున్న బృందం చేరింది, ఆ ఏడాది 12-2, 2009లో ఓటమి లేకుండా జాతీయ టైటిల్. 2024 జనవరిలో విరమించేనాటికి అలబామాలో ఆరు, ఎల్‌ఎస్‌యూలో ఒకటి కలిపి ఆయన ఖాతాలో ఏడు టైటిళ్లు. ఆ పద్ధతిలో పునాది అంతా హైస్కూలు పిల్లలే.

దానికి పూర్తిగా భిన్నమైన దారి ఇండియానాది. దశాబ్దాలపాటు ఓటములకు మారుపేరైన ఆ జట్టు 2023లో 3 మ్యాచ్‌లే గెలిచింది. ఆ సీజన్ ముగిశాక వచ్చిన కర్ట్ సిగ్నెట్టి తాను అంతకుముందు నడిపిన జేమ్స్ మ్యాడిసన్ నుంచి ఎలైజా సరాట్, మికైల్ కమారా, డీఆంజెలో పాండ్స్, ఎయిడన్ ఫిషర్ సహా పదిమందికి పైగా ఆటగాళ్లను వెంట తెచ్చుకున్నాడు. వారు అయిదు స్టార్లవారు కారు, కానీ ఆయన పద్ధతి తెలిసినవారు, కాలేజీ స్థాయిలో ఆడి నిరూపించుకున్నవారు. 2024లో 11 విజయాలతో ప్లేఆఫ్‌కు చేరిన ఆ జట్టు, కాలిఫోర్నియా నుంచి మారి వచ్చి హైస్మన్ గెలిచిన క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజాతో 2025 సీజన్‌లో ఒక్క ఓటమి లేకుండా 16 మ్యాచ్‌లు గెలిచి జాతీయ ఛాంపియన్ అయింది. బ్లూ చిప్ గీతకు చాలా కింద ఉన్న జట్టు అలా గెలవడంతో, అప్పటిదాకా తిరుగులేదనుకున్న లెక్కను అందరూ మళ్లీ చూసుకోవలసి వచ్చింది. నా అభిప్రాయంలో ఇండియానా నేర్పినది పోర్టల్ గొప్పదని కాదు. కొలరాడో 2023లో జట్టును దాదాపు మొత్తంగా పోర్టల్ నుంచి నింపుకుని 4-8తో ముగించింది. ఒకరినొకరు ఎరిగినవారు, అనుభవం ఉన్నవారు, కోచ్ ఏం కోరుకుంటాడో తెలిసినవారు ఒక్కచోట చేరడమే అక్కడ ఫలించింది. అందుకే మీ షీట్‌లోని నాలుగో గడి అంత ముఖ్యం.

ఆట వేళలు, వార్తల ఎంపిక

మ్యాచ్‌ల వేళలు ఒకసారి గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. తూర్పు అమెరికా సమయం ప్రకారం శనివారం మధ్యాహ్నం 12 గంటల మ్యాచ్ మనకు అదే రాత్రి 9:30కి, 3:30 మ్యాచ్ అర్ధరాత్రి దాటి 1 గంటకు, రాత్రి 7:30 మ్యాచ్ ఆదివారం ఉదయం 5 గంటలకు మొదలవుతాయి. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతారు కాబట్టి ఆ తరువాత అన్నిటికీ ఒక గంట కలపాలి. అర్ధరాత్రి మ్యాచ్‌ను వదిలేసి ఉదయం రికార్డింగ్ చూడటంలో నష్టం లేదు, స్కోరు చూడకుండా ఉండగలిగితే చాలు. అలా చూసేటప్పుడు ఒక క్వార్టర్ మొత్తం బంతిని వదిలి లైన్ల మీదే కళ్లు పెట్టండి.

వార్తల విషయంలో, మీ కాలేజీ ఊళ్లోనే ఉంటూ రోజూ ప్రాక్టీసుకు వెళ్లే ఇద్దరు ముగ్గురు విలేకరులను ఎంచుకుని వారినే చదవండి. ‘నాకు లోపలి సమాచారం ఉంది’ అంటూ పేర్లు చెప్పకుండా ఊరించేవారిని, ఏడాది తరువాత వారి మాటల్లో ఎన్ని నిజమయ్యాయో మీ షీట్‌తో సరిపోల్చి, నిలబడనివారిని వదిలేయండి.

జనవరి 16 దాటాక జాబితా ఒక కొలిక్కి వస్తుంది. ఫిబ్రవరిలో పాత షీట్‌ను చెరిపేయకుండా పక్కన ఉంచి కొత్త ఏడాదికి ఇంకో షీట్ తెరవండి, వెళ్లిపోయినవారి పేర్ల పక్కన ఎక్కడికి వెళ్లారో రాయండి. ఏప్రిల్‌లో వసంత ప్రాక్టీసు ముగిశాక మొదటి వరుసలో ఎవరున్నారో గుర్తించి, ఆగస్టులో యూనివర్సిటీ కొత్త జాబితా ప్రకటించగానే ఎత్తు బరువుల గళ్లను నిరుటి వాటితో పోల్చండి. రెండో ఏడాది టాకిల్ బరువు 125 కిలోల నుంచి 138 కిలోలకు చేరిందా, అతని వెనుక ఇంకొకడు ఉన్నాడా అన్న రెండు గళ్లు నిండితే, సెప్టెంబర్ మొదటి శనివారం లైన్‌లో ఎడమ అంచున ఎవరిని చూడాలో మీకు తెలిసిపోతుంది.